శుక్రవారం మాత్ర

2019 జూన్‌లో నన్ను కోదాడ టీబీ యూనిట్‌కు సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నాకు మూడేళ్ల సర్వీసు మిగిలి ఉంది. మిర్యాలగూడలో హెల్త్ సూపర్‌వైజర్‌గా ఏళ్ల తరబడి దోమల మీద యుద్ధం చేసి, చివరికి దోమలకూ నాకూ మధ్య ఒక అవగాహన కుదిరిన సమయమది. డిప్యుటేషన్ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను: జీతం ఒక చోట, పని ఒక చోట, చీవాట్లు రెండు చోట్లా. పదవి పేరులో 'సీనియర్' ఉంది కదా అని నా కింద ఎవరైనా ఉండేవారనుకోకండి. నా కింద ఒక మోటార్‌సైకిల్ ఉండేది. అది కూడా చెప్పిన మాట వినేది కాదు.

పని ఏమిటంటే, మనుషులు మాత్ర మింగుతున్నారో లేదో చూడటం. నవ్వకండి. టీబీకి రోజూ మాత్రలు వేసుకోవాలి, ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, రోగికి తాను డాక్టర్‌నన్న అభిప్రాయం కలుగుతుంది. అక్కడ మాత్రలు ఆపేస్తాడు. చావగా మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగని రకంగా తయారై తిరిగి వస్తాయి. అందుకే ప్రతి మాత్రా ఇంకొక మనిషి కళ్ల ముందు మింగాలని నియమం. చూసే మనిషిని ట్రీట్‌మెంట్ సపోర్టర్ అంటారు. ఆశా కార్యకర్త కావచ్చు, కిరాణా కొట్టాయన కావచ్చు, ఎవరైనా సరే, సొంత ఇంటివాళ్లు మాత్రం వద్దనేవాణ్ని. భార్య చెప్పిందని మాత్ర మింగిన మగవాడు నా సర్వీసులో నమోదు కాలేదు.

సపోర్టర్ నిజంగా చూస్తున్నాడా లేదా అని చూడటానికి నేను. నా చేతిలో రెండు ఆయుధాలు. మొదటిది ఫోను. మాత్రను అట్ట నుంచి ఒత్తి బయటికి తీస్తే దాని వెనక దాగిన నంబరు కనబడుతుంది. రోగి ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే నా కంప్యూటర్ తెర మీద ఆ రోజు గడి పచ్చబడుతుంది. ఇవ్వకపోతే ఎర్రగా ఉంటుంది. రెండో ఆయుధం మూత్రం. మా మందుల్లో ఒకటి మూత్రాన్ని ఎర్రటి నారింజ రంగుకు తిప్పుతుంది. కాబట్టి ఊళ్లోకి వెళ్లగానే నా మొదటి పలకరింపు "ఒంటికి ఏ రంగు పోతోంది?" అనే. ఈ అలవాటు ముదిరి, సూర్యాపేట బస్టాండ్‌లో చాలా ఏళ్లకు కనబడ్డ డిగ్రీ క్లాస్‌మేట్‌ను కూడా అలాగే పలకరించాను. ఆయన ఆ తర్వాత మళ్లీ కనబడలేదు.

ఇక సైదులు సంగతి.

చిలుకూరు మండలంలో ఒక ఊరు అతనిది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీ నడిపేవాడు. వయసు ముప్పై ఎనిమిది. పుట్టినప్పుడు తల్లిదండ్రులు దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టారు. వాళ్లు హిందువులు. మా ప్రాంతంలో ఇది విడ్డూరం కాదు, ఊరికి నలుగురు సైదులు ఉంటారు. నేను వచ్చేసరికి ఇతను మూడోసారి టీబీ మందు వాడుతున్నాడు. మొదటి రెండుసార్లు మధ్యలో వదిలేసి, మిగిలిన ఆరోగ్యాన్ని సారా కింద జమకట్టాడు. భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. లారీ ఓనరు తాళాలు లాక్కున్నాడు. మూడోసారి మాత్రం ఒక్క రోజు తప్పకుండా మింగాడు. ఆ మధ్యలోనే ఎవరో ప్రార్థనకు తీసుకెళ్తే వెళ్లి, అక్కడ సారా మానేసి, క్రైస్తవుడయ్యాడు. పేరు మాత్రం మార్చుకోలేదు. ఆధార్ కార్డులో మార్చాలంటే ఎంత తిరగాలో దేవుడికి తెలుసునట, పాత పేరుతోనే గుర్తుపడతాడట.

కఫం పరీక్షలో క్రిమి లేదని తేలిన రోజు సైదులు నా టేబుల్ ముందు కూర్చుని కదల్లేదు.

"మూడుసార్లు సావాల్సినోన్ని సార్. సావలే. ఎందుకు?"

"మాత్రలు వేసుకున్నావు కాబట్టి" అన్నాను.

"అది ఎట్ల బతికిన్నో చెప్పిన్రు. నేను ఎందుకు అని అడుగుతున్న."

ఆ ప్రశ్న నా జాబ్ చార్టులో లేదు. దేవుడితో నాకు ముఖ పరిచయం ఉంది కానీ రాకపోకలు లేవు. అయినా టేబుల్ ముందు కూర్చున్న మనిషిని లేపాలి కదా. ఆ ఊళ్లో ట్రీట్‌మెంట్ సపోర్టర్ ఖాళీ ఉందని, ఆశా కార్యకర్త ప్రసూతి సెలవులో ఉందని, కావాలంటే ఆ పని చూసుకోమని అన్నాను. దైవ సంకల్పాలు చాలావరకు ఇలాగే, సిబ్బంది కొరత వల్ల జరుగుతాయని నా అనుమానం.

సైదులు ఆ పనిని నేను ఊహించని తీరులో పట్టుకున్నాడు. ఊరి చివర రేకుల షెడ్డు ఒకటి వేసుకుని పొద్దున ప్రార్థన పెట్టేవాడు. అదే షెడ్డులో ఆరు గంటలకు మాత్రలు. తొమ్మిది మంది రోగులు, చాప మీద వరుసగా. ముందు ప్రార్థన, తర్వాత మాత్ర, తర్వాత "నోరు తెరువ్, నాలిక లేపు" అని తనిఖీ, తర్వాత మిస్డ్ కాల్. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు అతని ప్రార్థనకు వచ్చేవాళ్లు. మిగతా నలుగురు హిందువులు. వాళ్లు ప్రార్థన అయ్యేదాకా బయట బీడీ తాగబోతే, సైదులు బీడీ లాక్కుని లోపలికి తోలేవాడు. టీబీ రోగికి బీడీ కన్నా పరమతం తక్కువ హాని చేస్తుందన్న విషయంలో నేను అతనితో ఏకీభవించాను.

ప్రార్థనకు వచ్చే ఐదుగురిలో ముఖ్యురాలు సుగుణమ్మ. నలభై ఐదేళ్లుంటాయి, భర్త లేడు, నాట్లకూ కలుపులకూ వెళ్తుంది, కూతురు కోదాడలో డిగ్రీ చదువుతోంది. జనవరిలో మందు మొదలుపెట్టినప్పుడు ముప్పై ఆరు కిలోలు. నోరు మాత్రం ఇంకో ముప్పై ఆరు కిలోలుండేది. సైదులును ప్రార్థనలో "బ్రదర్" అనేది, బయట "తమ్మీ" అనేది, మాత్ర చేదుగా ఉంటే "వీడు" అనేది. ఆవిడకు ఇంతకుముందు ఒకసారి వైద్యం మధ్యలో ఆగిపోయింది. ఈసారి కూడా ఆగితే మామూలు మందులు పనిచేస్తాయన్న హామీ లేదు. అది నాకు తెలుసు, సైదులుకు తెలుసు, ఆవిడకు కూడా చెప్పాం.

ఫిబ్రవరి దాకా ఆ ఊరి గడులన్నీ పచ్చగా మెరిసిపోయాయి. ఒక్క ఎరుపు లేదు. ప్రతి మంగళవారం వెళ్లేవాణ్ని. మా పర్యటనలు నెల ముందే రాసి ఆమోదం తీసుకోవాలి, ఆ ఊరికి మంగళవారం పడింది. మంగళవారం అందరి మూత్రం నారింజ రంగే. సమీక్షా సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మాట మినిట్స్‌లో రాయలేదని అప్పట్లో బాధపడ్డాను.

మార్చిలో కరోనా వచ్చింది. లాక్‌డౌన్ పెట్టిన వారమే సైదులు ఫోన్ చేశాడు. సుగుణమ్మకు మూడు రోజులుగా వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. వెళ్లి చూస్తే అరచేతులు కూడా పసుపు రాసినట్టున్నాయి. మా మందులు కాలేయం మీద భారం వేస్తాయి, ఎప్పుడైనా ఇలా తిరగబడతాయి. మాత్రలు ఆపించి, ఎలాగో ఒక అంబులెన్స్ సంపాదించి సూర్యాపేట పెద్ద దవాఖానకు పంపించాను. పంపించాక, అలవాటు కొద్దీ మిగతావాళ్ల మాత్రల పెట్టెలు లెక్క చూద్దామని షెడ్డులో కూర్చున్నాను. చూస్తే, సైదులు దగ్గర ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో అట్ట నుంచి తీసిన మాత్రలు కాగితపు పొట్లాల్లో ఉన్నాయి. పొట్లాల మీద పేర్లు.

"ఇవేంటివి?"

"శుక్రారం గోలీలు సార్" అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

విషయం ఇదీ. శుక్రవారం వాళ్లకు ఉపవాస కూడిక. తెల్లవారింది మొదలు పొద్దు మునిగేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. నీళ్లు ముట్టనివాళ్లు మాత్ర ఎలా మింగుతారు? సాయంత్రం ఉపవాసం విడిచాక మింగవచ్చు కదా అని మీకు తోస్తుంది. నాకూ తోచింది.

"మీరే గద సార్ చెప్పిన్రు, పొద్దుగాల ఆరింటికే, యాళ తప్పొద్దని. తప్పితే పురుగులు లేస్తయంటిరి."

నిజమే, చెప్పాను. బల్లగుద్ది చెప్పాను. కాబట్టి వేళ తప్పిన శుక్రవారం మాత్రను వాళ్లు శుక్రవారం మింగలేదు. పొట్లం కట్టి, శనివారం పొద్దున ఆరింటికి, వేళ తప్పకుండా, రెండు రోజులవీ కలిపి మింగారు.

"రెండు డోసులు ఒకేసారి ఎవరు వేసుకొమ్మన్నారు?"

"ఒక దినం ట్రిప్పు తప్పితే రెండో దినం రెండు ట్రిప్పులు కొడతం గద సార్. లెక్క సరిపోతది."

లారీ లెక్కలో అది అక్షరాలా సరైనదే. కాలేయానికి లారీ లెక్క తెలియదు.

"మరి శుక్రవారం మిస్డ్ కాల్ ఎందుకిచ్చారు?"

సైదులు కొంచెం సిగ్గుపడ్డాడు. "లైటు ఎర్రగైతే మీకు మెమో అస్తదని ఆ ఆశమ్మ చెప్పింది. మా ఉపాసానికి మీకెందుకు సార్ పరేషాన్? గోలీ ఒత్తి ఫోన్ గొట్టి డబ్బల ఏసేటోళ్లం."

నా మీద అంత దయ చూపిన పేషంట్లు నాకు మళ్లీ దొరకలేదు.

ఇంకా ఉంది. ఆ నలుగురు హిందువుల్లో ఇద్దరికి శనివారం ఒక్కపొద్దు. సైదులు పద్ధతి వాళ్లకు నచ్చింది. వాళ్లు శనివారంవి ఆదివారం కలిపి మింగుతున్నారు. ఈ ఒక్క విషయంలో ఆ ఊళ్లో మతసామరస్యం సంపూర్ణంగా ఉంది.

మిగతా ఎనిమిది మందికీ రక్తపరీక్షలు చేయించాను. అదృష్టం, అందరివీ బాగానే ఉన్నాయి. జిల్లా అధికారికి జరిగింది ఉన్నదున్నట్టు రాసి పంపాను. ఆయన ఫోన్ చేసి ఒక్కటే అన్నాడు. "నెలల తరబడి ఒక్క ఎర్ర గడి లేకపోతే మీకు అనుమానం రావాలి కదండీ. మనుషులు అంత సక్రమంగా ఏ పనీ చెయ్యరు." మెమో కన్నా అది ఎక్కువ గుచ్చుకుంది. మెమో కూడా తర్వాత వచ్చింది.

సూర్యాపేటలో సుగుణమ్మను చూస్తున్న డాక్టర్ ఫోన్లో స్పష్టంగా చెప్పాడు. రెండు డోసులు కలిపి వేసుకోవడం వల్ల కావచ్చు, అది లేకపోయినా కొందరికి ఇలా అవుతుంది, ఏది కారణమో చెప్పలేం. మందులన్నీ ఆపాలి. కాలేయం కుదుటపడ్డాక ఒక్కొక్క మందూ విడిగా ఇచ్చి చూడాలి. అయితే ఎక్కువ రోజులు ఆపడానికీ లేదు, ఊపిరితిత్తుల్లో జబ్బు సగంలో ఉంది.

ఇదంతా సైదులుకు చెప్పాను. అతను మొదటి సగమే విన్నాడు.

మర్నాడు ఒక సిమెంటు సంచిలో మాత్రల పెట్టెలన్నీ వేసుకుని, చిలుకూరు నుంచి కోదాడ దాకా నడిచొచ్చి నా ఆఫీసు ముందు పెట్టాడు. "ఇగ నాతోని గాదు సార్. దేవుని పని అనుకుంటి. ఆమెను సంపెటందుకేనా నన్ను ఉంచింది?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. షెడ్డుకు తాళం వేశాడని, ప్రార్థన ఆపేశాడని, అయినా ఆ ఏటి శ్రమదినాల ఉపవాసం మాత్రం మానలేదని తర్వాత తెలిసింది. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు పొద్దంతా నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఉంటారు, శుక్రవారం నీళ్లు కూడా. అతను ఇప్పుడు సాయంత్రం కూడా సరిగా తినడం లేదట.

అప్పుడు నా పరిస్థితి ఏమిటంటే, మా సిబ్బంది అందరినీ కరోనా పనికి వేశారు. చెక్‌పోస్టుల దగ్గర జ్వరాలు చూడటానికి, ఊళ్లలోకి వచ్చినవాళ్ల పేర్లు రాయడానికి. దగ్గినవాడిని ఊరు ఊరంతా వెలివేస్తున్న రోజులు. టీబీ రోగికి దగ్గడం తప్ప వేరే పని ఉండదు. ఆ ఊళ్లో ఎనిమిది మందికి పొద్దున్నే మాత్ర ఇచ్చి నోరు తెరిపించే మనిషి సైదులు తప్ప లేడు. రెండు వారాలు నేనే వెళ్లాను. రోజూ పొద్దున ఆరింటికి. ప్రార్థన లేకుండా మాత్ర ఇస్తే ఒక ముసలాయన "ఉత్త గోలీయేనా?" అని అడిగాడు, కూర లేకుండా అన్నం పెట్టినట్టు.

ఏప్రిల్ రెండో వారంలో దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. సుగుణమ్మ కాలేయం కుదుటపడింది, మొదటి మందు మొదలుపెట్టాలి, ఆవిడ వద్దంటోంది. ఫోన్ ఆవిడకిమ్మన్నాను.

"నేను మింగను సారూ. ఒకపారి ఈ గోలీలే నన్ను పచ్చగ జేసినయ్. మల్ల అవ్వే మింగుమంటున్రు."

ఒక్కొక్కటిగా ఇస్తారని, రోజంతా కనిపెట్టుకుని ఉంటారని చెప్పాను.

"మీరు చెప్తరు సారూ. మీరు మంగళారం మనిషి, అచ్చి పోతరు. ఆ సైదులు ఏడి? వాడు షెడ్డుకు తాళమేసిండంట గద. ఇచ్చినోడే భయపడ్డంక మింగెటోళ్లకు ధైర్యం యాడికెల్లొస్తది?"

ఇరవై ఎనిమిదేళ్ల ఆరోగ్య విద్యా ప్రచారంలో ఇంత సూటిగా ఎవరూ విషయం చెప్పలేదు. డాక్టర్ ఫోన్ తీసుకుని, శుక్రవారం పొద్దున ఆఖరి ప్రయత్నం చేస్తామన్నాడు. శనివారం ఆ వార్డును కరోనాకు కేటాయించి ఖాళీ చేయాలి. శుక్రవారం మందు ఇస్తే రోజంతా చూసి, తట్టుకుంటే వేరే చోటికి మార్చి కొనసాగించవచ్చు. మింగనంటే సంతకం తీసుకుని ఇంటికి పంపించడం తప్ప దారి లేదు. ఇంటికి పంపితే ఏమవుతుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను సైదులు ఇంటికి వెళ్లాను. షెడ్డు ముందు పాత లారీ టైరు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ధైర్యం చెప్పడం నాకు రాదు, అది మా శిక్షణలో ఒక పూట ఉండేది, ఆ పూట నేను బయటికెళ్లి టీ తాగాను. అందుకని తెలిసిందే చెప్పాను. వేళ తప్పొద్దని అన్నది నేను. మంగళవారమే వచ్చింది నేను. పచ్చ గడులు చూసి మురిసింది నేను. సగం తప్పు నాది, అది కాగితం మీద రాసి సంతకం కూడా చేశాను.

"మీది నౌకరి సార్. మెమో అస్తది, పోతది. నాది అట్ల గాదు" అన్నాడు.

"సైదులూ, ఘాట్‌లో గేరు తప్పు పడిందని బండిని నడిరోడ్డు మీద వదిలేసి దిగిపోయేవాణ్ని మీ లారీలోళ్లు ఏమంటారు?"

టైరు మీది మట్టిని గోటితో గీకాడు. తర్వాత "క్లీనర్ అంటరు" అన్నాడు.

ఇద్దరం నవ్వలేదు. "ఎన్నింటికి పోదాం?" అని అడిగాడు.

లాక్‌డౌన్‌లో కోదాడ నుంచి సూర్యాపేట వెళ్లాలంటే పాసు కావాలి. నాకు డ్యూటీ పాసు ఉంది. సైదులుకు అడిగితే ప్రయాణ ఉద్దేశం రాయమన్నారు. 'రోగి మాత్ర మింగుటను ప్రత్యక్షంగా చూచుట' అని రాశాను. దరఖాస్తు తీసుకున్న గుమస్తా రెండుసార్లు చదివి, ఎందుకైనా మంచిదని ముద్ర వేశాడు. మునగాల దగ్గర కానిస్టేబుల్ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఇద్దరు ఒక బండి మీద పోవద్దని తెల్వదా? ఏంది ఇది... మింగుడు సూస్తందుకా?"

"అవునండీ."

"ఊకె సూస్తందుకే ఒక మనిషా? మరి నువ్వెందుకు?"

"ఇతను చూస్తున్నాడో లేదో చూడటానికి."

కానిస్టేబుల్ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఎండలో నిలబడి నిలబడి ఉన్న తన ఉద్యోగాన్ని కూడా ఒకసారి తలచుకున్నట్టున్నాడు. పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ శుక్రవారం గుడ్ ఫ్రైడే. ఆ సంగతి నేను గమనించలేదు. డాక్టర్ గమనించలేదు. సైదులు గమనించాడు కానీ దారి పొడవునా చెప్పలేదు. నలభై రోజుల ఉపవాసంలో చివరికి వచ్చిన రోజు. ఆ రోజు నిష్ఠగా ఉండేవాళ్లు పొద్దు మునిగాక కూడా తినరు.

వార్డులోకి ఐదు నిమిషాలు అనుమతించారు. సుగుణమ్మ కళ్లు తెల్లబడ్డాయి, మనిషి ఇంకా సన్నబడింది. కూతురు పక్కన నిలబడి ఉంది. సిస్టర్ చేతిలో ఒక ఎర్ర గొట్టం మాత్ర, గ్లాసులో నీళ్లు. సైదులును చూడగానే సుగుణమ్మ దుప్పటి సర్దుకుని కూర్చుంది.

"అచ్చినవా? తాళం తీసినవా?"

"తీస్త అక్క. ముందు గోలీ మింగు."

"మింగేదాన్నే. నువ్వస్తే మింగుతనని అన్న. గని ఇయ్యాల ఏం దినం తమ్మీ? నీళ్లు ముట్టొద్దని నువ్వే గద చెప్పినవ్. పానం పోతే పోనీ, శుభ శుక్రవారం నాడు ముట్ట."

సిస్టర్ నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను. కూతురు "అమ్మా" అంది. సైదులు వెనక్కి తిరిగి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ పారిపోయాడనే అనుకున్నాను. వెనకాల వెళ్దామా అని ఒక అడుగు వేశాను కూడా.

తిరిగి వచ్చాడు. చేతిలో పులిహోర పొట్లం. దవాఖాన గేటు దగ్గర ఎవరో హనుమాన్ గుడి కమిటీవాళ్లు రోగుల వెంట వచ్చినవాళ్లకు పంచుతున్నారు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, మాస్కు కిందికి లాగి, పొట్లం విప్పి, సుగుణమ్మ చూస్తుండగా నాలుగు ముద్దలు తిన్నాడు. తర్వాత ఆవిడ గ్లాసే తీసుకుని సగం నీళ్లు తాగాడు. వార్డులో తినకూడదు. సిస్టర్ కిటికీ వైపు తిరిగింది.

సుగుణమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. "ఓరి నీ పాసుగాల! ఇన్నొద్దులు ఉండి ఇయ్యాల తింటవా?"

"తిన్న గద."

"అది గుడికాడి పొట్లం గాదా?"

"అన్నమే అక్క. ఉప్పు జర ఎక్కువైంది."

"రేపు దేవుడు అడిగితే ఏం చెప్తవ్?"

"నన్ను గద అడుగుతడు. శుక్రారం నీళ్లు ముట్టొద్దన్నది నేను, ఇయ్యాల ముట్టుమంటున్నది నేను. నిన్నెందుకు అడుగుతడు? నువ్ మింగు."

ఆవిడ సిస్టర్ వైపు చెయ్యి చాపింది. గ్లాసులో మిగిలిన సగం నీళ్లతో మాత్ర మింగింది.

"నోరు తెరువ్" అన్నాడు సైదులు. "నాలిక లేపు."

తెరిచింది. లేపింది. సిస్టర్ చార్టులో టైము వేసింది. అప్పుడు సైదులు చేతులు కడుక్కుని వచ్చి, స్టూలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాడు. నేను ఏం చేయాలో తెలియక మాత్ర అట్ట మీద గడువు తేదీ చదువుతూ నిలబడ్డాను.

సాయంత్రానికి వాంతి లేదు. మర్నాడు లేదు. వారం తర్వాత రెండో మందు కలిపారు, ఆ తర్వాత ఇంకొకటి. మొత్తం పూర్తయ్యేసరికి వానాకాలం నాట్లు కూడా అయిపోయాయి. చివరి కఫం పరీక్షలో క్రిమి లేదు. బరువు నలభై నాలుగు. నోటి బరువు తూచే యంత్రం మా దగ్గర లేదు.

సైదులు షెడ్డు తెరిచాడు. మొదటి కూడికలోనే గుడ్ ఫ్రైడే రోజు తాను పులిహోర తిన్నానని తానే చెప్పాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మూడు కుటుంబాలు అలాంటి మనిషి వెనక ప్రార్థన చేయలేమని వేరే షెడ్డుకు వెళ్లిపోయాయి. ఆ కుటుంబాల్లో ఇద్దరు మా రోగులు. వాళ్లు ప్రార్థన అక్కడ, మాత్ర ఇక్కడ అని పంచుకున్నారు. ఉపవాసం రోజున తెల్లవారకముందే మాత్ర మింగాలి, మింగాకే ఉపవాసం మొదలు అన్నది అతని షెడ్డులో నియమమైంది. శనివారం వాళ్లకూ అదే. భార్య తిరిగొచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో రాసే కాలమ్ మా కార్డులో లేదు.

ఏడాది తర్వాత, నా డిప్యుటేషన్ ముగిసి మిర్యాలగూడకు వెళ్లేముందు ఆ ఊరికి వెళ్లాను. ఎందుకు బతికానని అడిగావు కదా, తెలిసిందా అన్నాను. సైదులు పెట్టెలు సర్దుతూనే, "పొద్దుగాల ఆరైతే పదకొండు మంది నోర్లు తెరుసుకొని కూసుంటరు సార్. ఇగ అది అడిగే టైమేడిది?" అన్నాడు. ఈమధ్య కరోనాలో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ల ఇళ్లకు కూడా వెళ్తున్నాడట. ఆ రోజు నన్ను కూడా ప్రార్థనకు కూర్చోమన్నాడు. కూర్చున్నాను. చాప గుచ్చుకుంది.

నాకు ఈ వ్యవహారం నేర్పింది ఒక చిన్న విషయం. సర్వీసంతా రోగులను ఏం తింటారు, ఏం తాగుతారు అని అడిగాను. ఎప్పుడు తినరు అని ఒక్కరినీ అడగలేదు. మిర్యాలగూడలో మిగిలిన నా ఆఖరి ఏడాది ప్రతి రోగి కార్డు మీద అంచున పెన్సిల్‌తో 'ఉపవాసం ఏ రోజు' అని రాసుకుని అడిగాను. సోమవారం, గురువారం, శుక్రవారం, రంజాన్ నెల, ఏకాదశి, అమావాస్య, అన్నీ వచ్చాయి. ఒకాయన ఆదివారం అన్నాడు, కారణం అడిగితే ఆ రోజు మటన్ దుకాణంలో పనుంటుంది, తినే తీరిక ఉండదన్నాడు. అదీ రాసుకున్నాను. ఆ రోజులను బట్టి మాత్ర వేళ మార్చాను, పర్యటన రోజులు కూడా మార్చాను. ఎవరూ దాచలేదు, ఎవరూ తప్పుపట్టలేదు. అంతకుముందు వాళ్లు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే, నేను అడగకపోవడం.